పొద్దున్నే గుండె దడ, భయం: లేచిన మొదటి అరగంట ఎలా దాటాలి?

ఇంకా కళ్ళు పూర్తిగా తెరవనే లేదు, గుండె దడదడమంటుంది. కడుపులో తిప్పుతుంది. ఏమీ జరగలేదు, అయినా ఏదో జరగబోతోందన్న భయం. ఇలా తెల్లవారుతోందంటే మీరు పిరికివాళ్ళని కాదు. నిద్ర లేచాక 30 నుంచి 45 నిమిషాల దాకా ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. మనల్ని రోజుకు సిద్ధం చేసే మామూలు ఏర్పాటే అది. అసలే టెన్షన్‌లో ఉన్నవాళ్ళకు ఆ ఊపే భయంగా తగలొచ్చు. అందుకే ఆ వేళ వచ్చే ఆలోచనలను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి. పది గంటలకు మళ్ళీ ఆలోచించండి.

మెలకువ రాగానే ఫోన్ జోలికి పోకండి. లేచి కూర్చుని, రెండు పాదాలూ నేల మీద ఆనించండి.

తర్వాత ఊపిరి. అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. భయంలో తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్ళు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి ఇంకా భయపడతాం, ఊపిరి ఇంకా వేగమవుతుంది. పక్కనున్నవాళ్ళు "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు కానీ, కావాల్సింది గట్టిగా కాదు, నిదానంగా. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, నోటితో ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. పొట్ట మీద చెయ్యి వేసుకుంటే అది లేవడం, దిగడం తెలుస్తుంది. ఐదు నిమిషాలు చేయండి. కాగితం సంచిలోకి ఊపిరి వదలడం మాత్రం వద్దు, అది ప్రమాదం.

అయినా పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం, వచ్చేస్తే దాంతో పోట్లాడకండి. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆపైన తగ్గుముఖం పడుతుంది. "ఇది పానిక్. ఇంతకుముందూ వచ్చింది, పోయింది" అని పైకే అనుకోండి. చల్లటి నీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని, ఆ చల్లదనం ఏ వేలికి ఎంత తగులుతోందో గమనించండి. వీలైతే ఉన్నచోటే ఉండండి. ప్రతిసారీ పారిపోతే ఆ చోటన్నా భయం పట్టుకుంటుంది.

కాఫీ ఏదైనా తిన్నాకే, అదీ తక్కువగా. రేపటి పనులు రాత్రే కాగితం మీద రాసి పెట్టుకోండి. భయం పోతుందని మద్యం తాగితే మర్నాడు దడ ఇంకా పెరుగుతుంది.

ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ఛాతీలో నొప్పి, అది చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం, లేదా ఇలాంటిది మొదటిసారి రావడం జరిగితే పానిక్ అని మీరే తేల్చుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది, పరీక్ష చేయించుకోండి. తరచూ వస్తుంటే సైకియాట్రిస్టును కలవండి. ఆలోచనల తీరు మార్చే సీబీటీ అనే చికిత్స చాలామందికి పనిచేస్తుంది. మందులు రాస్తే, వాటిలో చాలావాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ అంతట మీరు మానేయకండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఎవరికైనా చెప్పండి.

ఇంట్లోవాళ్ళకో మాట: "ఏం కాలేదు, ఊరుకో" అనకండి. పక్కన కూర్చుని, వాళ్ళతోపాటు మెల్లగా ఆరు దాకా లెక్కపెట్టండి.