లారీకి సింథటిక్ ఆయిలా, మినరల్ ఆయిలా? ఎలా తేల్చుకోవాలి?

వరంగల్ ఆటోనగర్‌లో ఆయిల్ మార్పించడానికి లారీ ఆపిన యజమానికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే: ముడి చమురును శుద్ధి చేసి తీసే మామూలు (మినరల్) ఆయిల్ పోయాలా, రసాయనికంగా తయారుచేసే సింథటిక్ పోయాలా? ధరల్లో తేడా పెద్దది కావడంతో కొందరు చవకైనదే చాలనుకుంటారు, మరికొందరు ఖరీదైనది పోస్తే ఇంజన్‌కు ఇక ఢోకా లేదనుకుంటారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. బండి ఏ ప్రమాణానిది, ఏ పనిలో ఎన్ని గంటలు నడుస్తుంది అన్న రెండు విషయాలు తేలిన తరువాతే ఈ ప్రశ్నకు జవాబు వెతకాలి.

ముందుగా ఆర్సీ, సర్వీస్ పుస్తకం తీయండి

పొగ కాలుష్యానికి పరిమితులు పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో బండి బీఎస్-3, బీఎస్-4, బీఎస్-6లలో దేనికి చెందినదో చూసుకోండి. దేశమంతటా కొత్త బండ్లకు 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వర్తించాయి. బీఎస్-6 లారీల్లో చాలావాటికి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. ఇంజన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింక్ వంటి లోహాలు ఆయిల్‌తో పాటు కాలినప్పుడు బూడిదగా మిగిలి ఈ ఫిల్టర్‌లో చేరుతాయి. పేరుకున్న మసిని బండి తనంతట తానే వేడితో కాల్చివేసుకోగలదు కానీ బూడిద కాలదు. అది అక్కడే నిలిచి దారి మూసుకుపోయే వరకు పెరుగుతూనే ఉంటుంది.

అందుకే డబ్బా వెనుక ఏపీఐ (ఆయిల్ నాణ్యత ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ) గుర్తు దగ్గర ఉన్న అక్షరాలను తప్పక చదవాలి. సీజే-4, సీకే-4 ఆయిళ్లలో సల్ఫేటెడ్ యాష్ (అంటే కాలాక మిగిలే బూడిద) 1 శాతం మించకూడదన్న పరిమితి ఉంది, సీఐ-4కు ఆ పరిమితి లేదు. డీపీఎఫ్ ఉన్న బండిలో సీఐ-4 పోస్తే, అది ఎంత ఖరీదైన సింథటిక్ అయినా నష్టమే. మరోవైపు సీకే-4 ప్రమాణం గల మినరల్ ఆయిల్ కూడా బజారులో దొరుకుతుంది కనుక, బీఎస్-6 బండికి సింథటిక్ తప్పనిసరి అన్న మాట అన్ని బండ్లకూ వర్తించదు. మీ బండి సర్వీస్ పుస్తకంలో ఏముందో అదే ప్రమాణం. సీఐ-4 అడిగే పాత బండిలో సీకే-4 నిశ్చింతగా పోయవచ్చు. 2016 చివరలో సీకే-4తో పాటే వచ్చిన ఎఫ్‌ఏ-4 మాత్రం వేడిలో మరింత పలుచగా ఉండే రకం కనుక, కంపెనీ స్పష్టంగా అనుమతిస్తే తప్ప దాని జోలికి పోవద్దు.

డబ్బా మీది అంకెలను మన వాతావరణంతో పోల్చండి

మినరల్ ఆయిల్ ఎక్కువగా 15డబ్ల్యూ-40 గానూ, సింథటిక్ 5డబ్ల్యూ-40 లేదా 10డబ్ల్యూ-40 గానూ దొరుకుతాయి. మొదటి అంకె చలిలో ఆయిల్ ప్రవహించే తీరును చెబుతుంది. చలిలో ఇంజన్ తిరగడానికి ఆయిల్ ఎంత అడ్డుపడుతుందో చూసే పరీక్షను 15డబ్ల్యూ రకానికి మైనస్ 20 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ రకానికి మైనస్ 30 డిగ్రీల వద్ద చేస్తారు. ఆదిలాబాద్‌లో పుష్యమాసపు తెల్లవారుజామున చలి 10 డిగ్రీల దిగువకు పడినా ఆ అంకెల దరిదాపులకు రాదు. కాబట్టి చలిలో సులువుగా స్టార్ట్ అవుతుందన్న ఒక్క కారణానికి ఇక్కడ సింథటిక్ కొనవలసిన అవసరం లేదు. రెండో అంకె 100 డిగ్రీల వద్ద చిక్కదనాన్ని సూచిస్తుంది. 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 రెండూ ఆ వేడి దగ్గర ఒకే పరిధిలో ఉంటాయి.

సింథటిక్ మేలు మనకు కనిపించేది వేడిలో. రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అలాంటి ఎండలో నిండు బొగ్గు లోడుతో ఎత్తు ఎక్కే బండికి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో బేరింగుల దగ్గర ఆయిల్ తీవ్రంగా కాగుతుంది. ఆ వేడికి మినరల్ ఆయిల్ త్వరగా చిక్కబడి జిగటగా మారుతుంది. సింథటిక్ ఎక్కువ కాలం తట్టుకుంటుంది, ఆవిరై తగ్గిపోవడం కూడా తక్కువ. అయితే ఏ ఆయిల్ పోసినా, లోడు మీద వచ్చిన బండిని ఆపగానే ఇంజన్ కట్టేయకుండా రెండు మూడు నిమిషాలు నిదానంగా తిరగనివ్వాలి.

కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కించండి

హైదరాబాద్ రోడ్డు మీద గంటకు సగటున 40 కిలోమీటర్లు పోయే లారీకి 20,000 కిలోమీటర్లంటే 500 గంటలు. క్వారీలో గంటకు సగటున 15 కిలోమీటర్లు మాత్రమే కదిలే టిప్పర్‌కు అవే 500 గంటలు 7,500 కిలోమీటర్లకే పూర్తవుతాయి. అది కూడా 20,000 వచ్చే దాకా ఆగితే ఆ ఆయిల్ 1,333 గంటలు పనిచేసినట్లు. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ ముందు ఇంజన్ కట్టకుండా వరుసలో నిలిచే బండికీ, బొగ్గు లోడింగ్ కోసం భూపాలపల్లిలో ఎదురుచూసే బండికీ ఇదే లెక్క వర్తిస్తుంది. హవర్ మీటర్ ఉంటే దాన్నే నమ్మండి, లేకపోతే డ్రైవర్ చేత ఇంజన్ నడిచిన గంటలను రోజూ పుస్తకంలో రాయించండి.

దుమ్ము విషయం ఇంకా ముఖ్యమైనది. గ్రానైట్ పనిలో తిరిగిన మా టిప్పర్‌కు ఒక ఏడాది ఖరీదైన సింథటిక్ ఆయిలే పోశాము. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే గొట్టం క్లిప్ వదులైన సంగతిని మాత్రం ఎవరమూ గమనించలేదు. రాతిపొడి నేరుగా లోపలికి పోయి రింగులు, లైనర్లు అరిగిపోయాయి, చివరికి ఇంజన్ విప్పించవలసి వచ్చింది. రాతిపొడి అరుగుదలను ఏ ఆయిలూ ఆపలేదు. సింథటిక్‌కు డబ్బు పెట్టే ముందు ఎయిర్ ఫిల్టర్‌నూ, ఆ గొట్టాలనూ, క్లిప్పులనూ చేత్తో పట్టి చూడండి. పత్తి మోసే బండ్లలో రేడియేటర్ మీద పేరుకునే దూదినీ తీయించండి, లేకపోతే ఇంజన్ వేడెక్కి ఆయిల్ ఆయుష్షు తగ్గుతుంది.

ఖర్చును కాగితం మీద వేయండి

లీటరు మినరల్ 300, సింథటిక్ 550 రూపాయలనీ, ఒకసారికి 15 లీటర్లు పడతాయనీ, ఫిల్టర్ 1,000 రూపాయలనీ అనుకుందాం. మీ బిల్లులోని ధరలను ఈ చోట వేసుకోండి. ఏడాదికి 60,000 కిలోమీటర్లు తిరిగే లారీకి మినరల్‌ను 20,000కు ఒకసారి మారిస్తే మూడు మార్పులకు 16,500 రూపాయలవుతుంది. సింథటిక్‌ను 40,000కు మార్చవచ్చని సర్వీస్ పుస్తకంలో ఉంటే, ఏడాది సగటు 13,875 రూపాయలే, పైగా బండి షెడ్డులో నిలిచే రోజులూ తగ్గుతాయి. అదే సింథటిక్‌ను 20,000కే మార్చవలసి వస్తే ఖర్చు 27,750కి చేరుతుంది. అంటే రోడ్డు మీద దూరప్రయాణాలు చేసే బండికి సింథటిక్ కలిసివస్తుంది. దుమ్ములో తిరుగుతూ ఆయిల్ మార్చే గడువు పొడిగించే వీలు లేని టిప్పర్‌కు, తగిన ప్రమాణం గల మినరల్ ఆయిల్‌ను గంటల లెక్కన వేళకు మార్చడమే మేలని నా అభిప్రాయం. దుకాణదారు మాట మీద గడువు పొడిగించకండి, వారంటీలో ఉన్న బండికి అసలే వద్దు.

మార్చేటప్పుడు

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే అడుగున ఉండే ఆయిల్ చాంబర్ నట్టు విప్పి ఆయిల్ పూర్తిగా కారనిచ్చి, ఫిల్టర్ కూడా కొత్తది వేయించండి. డబ్బా సీలు మీ ఎదుటే తీయించి, ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి ఇవ్వండి, అప్పుడు అందులో నకిలీ ఆయిల్ నింపి అమ్మే వీలుండదు. దారిలో ఆయిల్ తగ్గి, అదే ప్రమాణం గల మరో రకాన్ని కలపవలసి వస్తే ఇంజన్‌కు హాని లేదు కానీ, సింథటిక్ గడువు మాత్రం ఇక వర్తించదు. చాలా కాలం మినరల్ మీద నడిచిన పాత ఇంజన్‌లో సింథటిక్ పోస్తే, అంటుకుని ఉన్న జిడ్డు కరిగి, గట్టిపడిన ఇంజన్ రబ్బరు సీళ్ల దగ్గర కారడం మొదలుకావచ్చు. అందుకే అలాంటి బండికి మొదటి 1,000 కిలోమీటర్ల వరకు ప్రతి ఉదయం ఇంజన్ స్టార్ట్ చేయక ముందే ఆయిల్ గేజ్ పుల్ల తీసి మట్టం చూడాలి, బండి నిలిచిన చోట నేల మీద చుక్కలున్నాయేమో గమనించాలి.