బరువు తగ్గే ప్రయత్నంలో మద్యం: లెక్క ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

ముందుగా ఒక మాట. మద్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. బరువు తగ్గాలనుకునేవాళ్లకు పూర్తిగా మానేయడమే అన్నిటికంటే సులువైన దారి. అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టాల్సిన పనే లేదు. 21 ఏళ్లు నిండనివాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. వారానికి ఒకటి రెండుసార్లు తాగుతూ, మిగతా రోజుల్లో సంగటి ముద్ద కూడా చూసుకొని తింటూ, అయినా బరువు కదలక తల పట్టుకున్నవాళ్ల కోసమే ఈ వివరాలు.

లెక్క చిన్నదే. గ్రాము ఆల్కహాల్‌కి 7 కేలరీలు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో ఎక్కువ భాగం 42.8 శాతం. అంటే 60 మి.లీ. పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్, 142 కేలరీలు. 180 మి.లీ. క్వార్టర్‌లో 426. ఇవి కడుపు నింపవు, కండకూ పనికిరావు. పైగా ఒంట్లోకి ఆల్కహాల్ రాగానే లివర్ మిగతా పనులు పక్కనపెట్టి ముందు దాన్నే కరిగిస్తుంది, ఎందుకంటే దాన్ని దాచుకునే చోటు శరీరంలో లేదు. గంటకు 7 నుంచి 10 గ్రాములు, అంతకుమించి దాని చేత కాదు. ఒక పెగ్గుకే రెండు మూడు గంటలు, క్వార్టర్‌కి ఆరు నుంచి ఎనిమిది గంటల పైనే పడుతుంది. అంతసేపూ కొవ్వు కరగడం బాగా మందగిస్తుంది. ఆ సమయంలో తిన్న నూనె, మాంసం కొవ్వు నేరుగా నిల్వకు పోతాయి. మందు తనంతట తాను కొవ్వుగా మారేది తక్కువ, పక్కన ప్లేటులో ఉన్నదాన్ని కొవ్వుగా ఉంచేయడం ఎక్కువ.

సమస్య: "తాగేది రెండు పెగ్గులే, అయినా బరువు దిగడం లేదు"

కారణం చాలాసార్లు గ్లాసులోనే ఉంటుంది. ఇంట్లో స్టీలు గ్లాసులో, డాబా మీద ప్లాస్టిక్ గ్లాసులో చేతివాటంగా పోసేది పెగ్గు కాదు. రెండు వేళ్ల ఎత్తు పోశామంటే, గ్లాసు వెడల్పును బట్టి అది 60 మి.లీ. కావచ్చు, 100 కూడా కావచ్చు.

ఏం చేయాలి: ఇంట్లో దగ్గు మందు సీసా మూత ఉంటుంది కదా, లోపల 5, 10 మి.లీ. గీతలు ఉంటాయి. మీరు రోజూ వాడే గ్లాసులో మీ అలవాటు ప్రకారం, ఆలోచించకుండా, మద్యానికి బదులు నీళ్లు పోయండి. ఆ నీళ్లను మూతతో కొలిచి తీయండి. 10 మి.లీ. చొప్పున ఆరుసార్లకు అయిపోతే మీ చెయ్యి సరిగ్గానే ఉంది. తొమ్మిది పదిసార్లు వచ్చిందంటే మీ రెండు పెగ్గులు నిజానికి మూడు. తర్వాత 30-60 మి.లీ. కొలత గ్లాసు ఒకటి కొని, దానితో తప్ప పోయకండి. స్నేహితుడు పోస్తానన్నా సరే, "నాది నేనే పోసుకుంటా మామా" అని సీసా తీసుకోండి.

కొనే సీసా సైజు కూడా కొలతే. క్వార్టర్ మూత తీస్తే సగం మిగిల్చి పెట్టేవాళ్లు అరుదు. దొరికితే 90 మి.లీ. సీసా కొనండి. ఫుల్ కొంటే మిల్లీకి చవకే, కానీ ఇంట్లో ఫుల్ ఉన్న వారం రెండుసార్లతో ఆగదు.

సమస్య: "వారమంతా నోరు కట్టుకుంటున్నా, ఫలితం లేదు"

రోజుకు 500 కేలరీలు తగ్గించి తింటే వారానికి 3,500 మిగులుతాయి, అంటే అరకిలోకు కాస్త తక్కువ కొవ్వు. ఇప్పుడు రెండు సిట్టింగుల ఖర్చు చూడండి. ఒక్కోదానికి ఒక క్వార్టర్ 426, కలుపుకున్న కూల్‌డ్రింక్ 600 మి.లీ. అయితే 260 దాకా, మిక్చర్ 100 గ్రాములకు 530 దగ్గర. మొత్తం 1,200 పైమాటే. రెండుసార్లకు 2,400. వారం కష్టంలో మూడింట రెండు వంతులు బిర్యానీ పార్సెల్ విప్పకముందే పోయాయి.

ఇక్కడ అసలు దోషి మంచింగే అని గట్టిగా చెప్పాలి. మందు ఆకలిని తగ్గించదు, రేపుతుంది. ఉప్పు, కారం ఉన్న ప్లేటు ముందు కూర్చుని మాటల్లో పడితే చెయ్యి ఆగదు. అనంతపురంలో శనక్కాయలు లేని సిట్టింగ్ ఉండదు. మంచి తిండే, కానీ 100 గ్రాముల పప్పులు 560 కేలరీల పైనే. నూనెలో వేయించి మసాలా చల్లితే ఇంకా ఎక్కువ. గుప్పెడు 30 గ్రాములు అనుకుంటే 170. ఎన్ని గుప్పెళ్లు పోయాయో ఖాళీ గిన్నె చెప్పదు.

పొట్టుతో ఉడకబెట్టిన కాయలైతే రెండు లాభాలు. నీళ్లు పీల్చుకోవడం వల్ల 100 గ్రాముల గింజలకు 320 కేలరీల దగ్గరే ఉంటాయి. ఒక్కోటి వలుచుకోవాలి కాబట్టి వేగం తగ్గుతుంది, పొట్టు కుప్ప చూస్తే ఎంత తిన్నామో కనిపిస్తుంది. మిగతావాటిలో మేం ఈ వరుసలో ఎంచుకోమంటాం:

- ఉలవల గుగ్గిళ్లు లేదా శనగల గుగ్గిళ్లు. ఉడికిన శనగలు 100 గ్రాములకు 165 కేలరీల దగ్గర, ప్రోటీన్, పీచు రెండూ ఉంటాయి. తాలింపుకు ఒక టీస్పూన్ నూనె చాలు.
- బొరుగుల్లో ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మరసం. 30 గ్రాముల బొరుగులకే పెద్ద గిన్నె నిండుతుంది, 120 కేలరీలు. శనక్కాయ పప్పులు పది కంటే ఎక్కువ వేయకండి.
- ఉడికిన గుడ్లు రెండు, 150 కేలరీలు.
- పెనం మీద ఒక టీస్పూన్ నూనెతో కాల్చిన చికెన్. పకోడా, 65 లాంటి వేపుళ్లు వద్దు. పిండి పూత నూనెను పీల్చుకుంటుంది, ఒక టేబుల్ స్పూన్ నూనెకే 120 కేలరీలు.

కూల్‌డ్రింక్ సంగతి తేలిగ్గా తేలుతుంది. ప్లెయిన్ సోడా, నీళ్లు, నిమ్మచెక్క: కేలరీలు దాదాపు సున్నా. టానిక్ వాటర్ సోడా లాగే కనిపిస్తుంది కానీ అందులో చక్కెర ఉంటుంది, లేబుల్ చదవండి. బండి మీద అమ్మే తీపి నిమ్మసోడా కూడా అంతే. డైట్ కోలా కేలరీలు తగ్గిస్తుంది, అయితే చక్కెర లేని డ్రింకుతో ఆల్కహాల్ పొట్టలోంచి త్వరగా దిగి రక్తంలోకి వేగంగా చేరుతుంది. అదే పెగ్గు ఎక్కువ ఎక్కుతుంది. ఏది కలిపినా బైకు తాళం ఇంకొకరి చేతిలో ఉండాలి.

సమస్య: "రాత్రి భోజనం మానేసి ఆ కేలరీలు మందుకు వాడుతున్నా"

కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. ఒంట్లో మాత్రం ఖాళీ కడుపున ఆల్కహాల్ వేగంగా ఎక్కుతుంది, అదుపు తప్పుతుంది, పదకొండింటికి ఆకలి విరుచుకుపడుతుంది. అప్పుడు దొరికేవి బిర్యానీ, ఫ్రైడ్ రైస్. ప్రోటీన్ తినాల్సిన పూట మానేయడంతో తగ్గే బరువులో కండ కూడా కలుస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఇది ప్రాణాపాయం. ఆల్కహాల్ కరిగించే పనిలో ఉన్న లివర్ రక్తంలోకి చక్కెర తయారుచేసి పంపలేదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వాడేవాళ్లు తినకుండా తాగితే తెల్లవారుజామున షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు చూసి ఇంట్లోవాళ్లు మత్తనుకొని వదిలేస్తారు.

ఏం చేయాలి: వరుస తిరగేయండి. ఏడున్నరకల్లా భోజనం అయిపోవాలి. జొన్నరొట్టె ఒకటి లేదా చిన్న సంగటి ముద్ద, పక్కన పప్పుకూర గానీ నాటుకోడి కూర గానీ. అరగంట తర్వాత కొలిచిన పెగ్గు. తర్వాత తిండి లేదు. సిట్టింగ్ చివర భోజనం పెట్టుకునే అలవాటును మార్చడమొక్కటే చాలామందికి పెద్ద తేడా తెస్తుంది. దేవర, జాతర, పెళ్లి భోజనాల్లో మీ చేతిలో లేకపోతే పొట్టేలు కూరా మందూ రెండింట్లో ఒకటి ఎంచుకోండి. కూరే ఎంచుకోమని మా సలహా.

సమస్య: "తాగిన మర్నాడు కిలో తగ్గాను, ఆ మర్నాడు కిలోన్నర పెరిగాను"

అది కొవ్వు కాదు, నీరు. మూత్రాన్ని అదుపులో ఉంచే హార్మోన్‌ను ఆల్కహాల్ అణిచేస్తుంది, నీరు బయటికి పోతుంది. ఆ తర్వాత మంచింగ్‌లోని ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. తాగిన తర్వాత రెండు రోజులూ కాటా ఎక్కకండి. శని, ఆదివారాల్లో తాగేవాళ్లయితే గురువారం పొద్దున, మూత్ర విసర్జన తర్వాత, ఏమీ తినకముందు చూసుకోండి. వారానికి ఒకసారి టేపుతో నడుము కొలత కూడా: చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైభాగానికీ నడిమధ్యన, గాలి మామూలుగా వదిలి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటితే ఎక్కువే.

సమస్య: "బీరే కదా" అంటూ పొట్ట పెరుగుతోంది

మామూలు బీరు 650 మి.లీ. సీసా 5 శాతం అయితే 260 నుంచి 280 కేలరీలు. స్ట్రాంగ్ 8 శాతం దాకా ఉంటుంది, 350 దాటుతుంది. ఆల్కహాల్ లెక్కలో ఒక స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెగ్గులతో సమానం. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో 40 డిగ్రీలు దాటిన రోజున దాహంతో బీరు పట్టుకుంటే మొదటి సీసా ఎక్కడికి పోయిందో తెలియదు. దాహం బీరుతో తీరదు, నీరు ఇంకా పోతుంది. కూర్చునే ముందు అరలీటరు నీళ్లు, లేదంటే ఉప్పేసిన పలచటి మజ్జిగ తాగండి. బీరే కావాలంటే 330 మి.లీ. మామూలుది, ఒకటి.

కల్లు బలం రోజుకొకలా ఉంటుంది, లెక్క కుదరదు. నాటుసారా ప్రాణం తీస్తుంది, దాని ఊసే వద్దు.

సమస్య: "తాగిన మర్నాడంతా ఆకలి, నడకకు పోబుద్ధి కాదు"

మందుతో నిద్ర త్వరగా పట్టినా రాత్రి రెండో సగం తెగిపోతూ ఉంటుంది. నిద్ర చాలని రోజున నూనె, పిండి మీదికే మనసు పోతుంది. పొద్దున ఉగ్గాణితో పాటు బజ్జీలు, కారం దోశ ఒకటికి రెండు. చివరి గుక్కకీ పడకకీ మూడు గంటలు ఎడం ఉంచండి, పెగ్గుకొక గ్లాసు నీళ్లు తాగండి. వ్యాయామం చేసిన సాయంత్రం ఎక్కువ తాగితే కండ మరమ్మతు మందగిస్తుంది, ఆ రెండూ వేరే రోజుల్లో పెట్టుకోండి. మర్నాటి టిఫిన్ ముందురోజే నిర్ణయించుకోండి: రెండు గుడ్లు లేదా పెసరట్టు.

సమస్య: "వారమంతా ముట్టను, ఆదివారం ఒక్కరోజే"

ఆ ఒక్కరోజున వారం కోటా అంతా పోసుకుంటే మోతాదులో తాగినట్టు కాదు. బ్రిటన్ ఆరోగ్య శాఖ పెట్టిన వారం పరిమితి 112 గ్రాముల ఆల్కహాల్, మన లెక్కలో 330 మి.లీ. విస్కీ. అది కూడా మూడు లేదా ఎక్కువ రోజులకు పంచి, మిగతా రోజులు ఖాళీ ఉంచి. అది దాటకూడని గీతే గానీ, చేరాల్సిన గమ్యం కాదు. బరువు తగ్గే కాలంలో మగవాళ్లకు ఒక పూటకు 60 మి.లీ., వారానికి రెండుసార్లు చాలని మా మాట. ఆడవాళ్లకు 30. వాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అదే పెగ్గు రక్తంలో చిక్కగా ఉంటుంది.

సమస్య: "ఒకటితో ఆపలేకపోతున్నా"

ఒకటి రెండుసార్లు జరిగితే పైన చెప్పిన చిన్న సీసా, ముందే భోజనం పనిచేస్తాయి. ప్రతిసారీ జరుగుతుంటే, పొద్దున లేవగానే చేతులు వణుకుతుంటే, వణుకు తగ్గడానికి తాగాల్సి వస్తుంటే అది బరువు సమస్య కాదు. అలాంటివాళ్లు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయకూడదు. మానిన రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి భ్రమలు కలగవచ్చు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. ఫోన్‌లో టెలీ మానస్ 14416, మత్తు విడుపు జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉచితం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, వైద్యం ఉన్న జబ్బే.

సమస్య: స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్, రక్త పరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువ

ఇక్కడ మోతాదు మాట లేదు, పూర్తిగా ఆపాలి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్, టీబీ మందులు వాడుతున్న రోజుల్లోనూ అంతే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు డాక్టర్‌కు నిజం చెప్పి అడగాలి. మర్నాటి తలనొప్పికి పారాసిటమాల్ మీద పారాసిటమాల్ వేసుకోవద్దు, లివర్‌కు రెండు దెబ్బలు ఒకేసారి.

అన్నీ సరిచేసినా నాలుగు వారాలకు కదలిక లేకపోతే

నాలుగు వారాలు చుక్క కూడా ముట్టకుండా, తిండి, నడక యథాతథంగా ఉంచి చూడండి. నడుము కొలత దిగితే, మీ ఒంటికి ఆ రెండు పెగ్గులు కూడా ఎక్కువేనని తేలినట్టే. అప్పటికీ దిగకపోతే కారణం సీసాలో లేదు: అన్నం కొలత, టీల్లో చక్కెర, వంటనూనె నెలకు ఇంటికి ఎన్ని లీటర్లు వస్తోందో చూడండి. వాటితో పాటు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి, స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా వాడుతుంటే ఆ చీటీ కూడా డాక్టర్‌కు చూపించండి.