అవకాడో గింజ మొక్కకు అంటు కట్టడం

నచ్చిన పండులోని గింజ నాటితే చెట్టయితే వస్తుంది గానీ, అదే పండు కాస్తుందన్న నమ్మకం లేదు. పైగా కాపుకు పదేళ్లు దాటినా దాటొచ్చు. అందుకని గింజ మొక్కను వేరుమూలంగా పెంచి, దాని మీద కావలసిన రకాన్ని అంటు కడతారు. అంటు మొక్క మూడు నాలుగేళ్లకు కాపుకొస్తుంది.

గింజ ఎండితే మొలవదు. పండులోంచి తీసి రెండు మూడు వారాల్లోపే నాటేయాలి. నేలరాలిన పండ్ల గింజలు వద్దు. వేరుకుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరా అనే, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి వాటితో వచ్చేస్తుంది. అనుమానముంటే 49–50 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో 30 నిమిషాలు ఉంచి చల్లార్చండి. థర్మామీటరు లేకుండా చేయొద్దు, వేడి ఎక్కువైతే గింజే చచ్చిపోతుంది. వెడల్పు వైపు కిందికి, మొన పైకి ఉండేలా, 30 సెంటీమీటర్ల లోతున్న సంచిలో, మొన మట్టి పైకి కాస్త కనబడేట్టు పెట్టండి. గ్లాసు నీళ్ల మీద పుల్లలు గుచ్చి వేలాడదీయడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అంతే.

కాండం పెన్సిలు లావయ్యాక అంటు కట్టొచ్చు. సయాన్ పుల్ల, అంటే కావలసిన రకం చెట్టు నుంచి కోసిన కొమ్మ ముక్క, 10–12 సెంటీమీటర్లుండాలి, మొగ్గలు ఉబ్బి ఉండాలి కానీ విచ్చుకోకూడదు. ఆకులు కోసేసి తొడిమ ముక్కలు మాత్రం ఉంచండి. వేరుమూలాన్ని 15–20 సెంటీమీటర్ల ఎత్తులో అడ్డంగా కోసి, నడిమికి 3 సెంటీమీటర్లు చీల్చండి. సయాన్ అడుగును అంతే పొడవున రెండువైపులా V ఆకారంలో చీలలా చెక్కాలి. ఒక్కో వైపు ఒక్క కోతలో తెగాలి. రంపంలా ఆడిస్తే కోత ఎగుడుదిగుడై మధ్యలో సందులు మిగులుతాయి. చెక్కిన ముఖం మీద కత్తి అంచు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టండి. సందులోంచి వెలుగు కనబడితే మళ్లీ చెక్కాల్సిందే. బెరడు కింది ఆకుపచ్చ పొర కనీసం ఒక పక్కన కలవాలి. సయాన్ సన్నగా ఉంటే నడుమ పెట్టకండి, ఒక అంచుకు జరపండి. టేపు బిగించి, పైన పాలిథిన్ కవరు తొడిగి నీడలో ఉంచితే సుమారు నెలకు మొగ్గ కదులుతుంది. సయాన్ నల్లబడిందంటే కోత ఆరిపోయిందనో, పొరలు కలవలేదనో అర్థం. అంటు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయకపోతే బలమంతా అవే లాగేస్తాయి.

ఏ రకం కట్టాలి? పువ్వు విచ్చుకునే వేళను బట్టి అవకాడోలు రెండు తరహాలు. హాస్, పింకర్టన్, రీడ్ 'ఎ' రకాలు. ఫ్యూయెర్టె, బేకన్, జుటానో 'బి' రకాలు. 'ఎ' పువ్వు మొదటిరోజు పొద్దున ఆడపువ్వుగా విచ్చుకుని మూసుకుంటుంది, మర్నాటి మధ్యాహ్నం మగపువ్వుగా పుప్పొడి రాలుస్తుంది. 'బి' సరిగ్గా తిరగేసి నడుస్తుంది: ఆడపువ్వు మధ్యాహ్నం, మగపువ్వు మర్నాడు పొద్దున. అందుకే చోటుంటే రెండూ వేయండి. చలికి ఈ వేళలు గాడి తప్పుతాయి కాబట్టి ఒంటరి చెట్టూ కాస్తుంది, కాకపోతే తక్కువ. మెక్సికన్ జాతి చలికి ఆగుతుంది, చాలా చెట్ల ఆకు నలిపితే సోంపు వాసన. వెస్టిండియన్ జాతి వేడి పల్లపు నేలలకు తగినది, ఉప్పును కాస్త ఎక్కువ తట్టుకుంటుంది.

దాల్చిన, కర్పూరం, బిర్యానీ ఆకు చెట్లు దీని కుటుంబమే. అలాగని వాటి మీద అంటు కట్టబోకండి, అతకదు. బంధుత్వం తెగుళ్లలోనే బయటపడుతుంది: చిన్న బెరడు పురుగు మోసుకొచ్చే లారెల్ విల్ట్ అవకాడోనూ దాని చుట్టాలనూ కూడా చంపగలదు. ఆ తెగులున్న ప్రాంతం నుంచి వంటచెరకు, కలప తరలించకూడదు.

నాటేటప్పుడు గుంత కంటే దిబ్బ ముఖ్యం. నీరు నిలిచే నేలైతే 50 సెంటీమీటర్ల ఎత్తు, మీటరు పైగా వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి. ఆహారం పీల్చే వేళ్లు పైపైనే ఉంటాయి, నూగువేళ్లు దాదాపు లేవు. తడి ఎక్కువైనా, ఎండినా ముందు అవే పోతాయి. మొక్క వాడింది కదా అని నీళ్లు పోసే ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి, తడిగా ఉండి వాడితే వేళ్లు కుళ్లుతున్నట్టే. కొమ్మల తుక్కు, ఎండాకులు 10 సెంటీమీటర్ల మందాన పరచండి, మొదలుకు మాత్రం తగలనీయొద్దు.

కాయ చెట్టు మీద మెత్తబడదు. పెద్దకాయ ఒకటి కోసి గదిలో పెట్టండి. వారం పదిరోజుల్లో సమంగా మెత్తబడితే మిగతావి కోయొచ్చు. తొక్క ముడతలుపడి గుజ్జు రబ్బరులా సాగితే, కొన్ని వారాలాగి ఇంకొకటి కోసి చూడండి.