మీ గుర్తింపు మీ గుప్పిట్లో – 3వ పాఠం: జిరాక్స్ షాపులో ఆధార్

పోయిన పాఠంలో, సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోమన్నాను. చూశారనుకుంటాను. ఇక ఆధార్ సంగతి.

మొన్న బెంగళూరు మారతహళ్లిలో జిరాక్స్ షాపుకి వెళ్తే, నా ముందు మన తెలుగు కుర్రాడే, పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఇవ్వడానికి ఆధార్ ప్రింట్ తీయిస్తున్నాడు. ఫైల్ పాస్‌వర్డ్ అడిగితే షాపంతా వినపడేలా చెప్పాడు. చెప్పకపోయినా ఒకటేలెండి. ఇంగ్లిష్‌లో పేరులోని మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం: ఈ-ఆధార్‌కి, అంటే డౌన్‌లోడ్ చేసుకునే ఆధార్ ఫైల్‌కి, అందరికీ ఇదే లెక్క. ప్రింట్ తీసుకుని అతను వెళ్లిపోయాడు. ఫైల్ డౌన్‌లోడ్స్‌లోనే ఉండిపోయింది, దాని కింద ఇంకెందరివో.

మీరు ఇలా చేయండి. మైఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి, డౌన్‌లోడ్ చేసేముందు ‘మాస్క్‌డ్’ అన్న గడిలో టిక్ పెట్టండి. 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపించే కార్డు వస్తుంది. ప్రింట్ మీద, ఫొటోకి కొంచెం తగిలేలా, అడ్డంగా రాయండి: ‘ఫలానా పీజీలో అద్దెకు మాత్రమే’, తేదీ, సంతకం. మూలన ఖాళీలో రాస్తే కత్తిరించేస్తారు. షాపు వదిలేముందు ఫైల్ డిలీట్ చేయించండి, రీసైకిల్ బిన్‌లో కూడా. మొహమాటపడకండి. పీజీ ఓనర్ మాస్క్‌డ్ ఒప్పుకోకపోతే డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వండి.

నంబరుతో ఏం చేస్తారంటారా? ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఏఈపీఎస్ (ఆధార్‌తో బ్యాంకు లావాదేవీలు చేసే) మెషీన్‌లో డబ్బు తీయొచ్చు. ఓటీపీ రాదు. 2023లో బెంగళూరులో ఆస్తి రిజిస్ట్రేషన్ చేయించుకున్న కొందరి ఖాతాల్లో డబ్బు ఇలాగే పోయింది. దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు తీశారు. అందుకే మైఆధార్ సైట్‌లోనే బయోమెట్రిక్ లాక్, అంటే మీ వేలిముద్ర పనిచేయకుండా తాళం, వేసేయండి. తర్వాత రేషన్‌కో సిమ్‌కో వేలిముద్ర పడకపోతే కంగారుపడొద్దు, కాసేపు అన్‌లాక్ చేసుకుంటే సరి. ఊళ్లో అమ్మానాన్నలకి వేసేముందు ఒకసారి ఆలోచించండి. పెన్షన్ రోజున లాక్ తీసిపెట్టేవాళ్లు పక్కన లేకపోతే వాళ్లకి తిప్పలే.

హోంవర్క్: ఆ సైట్‌లోనే ‘ఆథెంటికేషన్ హిస్టరీ’ తెరిచి, గత 6 నెలల్లో మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో చూడండి. మీరు చేయనిది కనిపిస్తే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయండి. డబ్బు పోయుంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, తర్వాత బ్యాంకుకి. వచ్చే పాఠం సిబిల్ రిపోర్టు (మీ అప్పుల చిట్టా) మీద. పాన్ కార్డు దగ్గర పెట్టుకోండి.