ఇంటి కంప్యూటర్ పాఠాలు – 4: వీఎల్‌సీని అసలు చోటు నుంచే తెచ్చుకుందాం

పోయిన పాఠంలో ఫైల్ పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలు కనపడేలా పెట్టుకోమన్నాను కదా, అది చేయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. విండోస్ 11లో అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. అంతే. ఈ రోజు వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేసుకునేటప్పుడు దానితో పని పడుతుంది.

పాఠంలోకి వెళ్లేముందు మా బాబాయి సంగతి చెప్పాలి. చెల్లి పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. కంప్యూటర్లో పెడితే బొమ్మ వస్తోంది, సన్నాయి వినపడటం లేదు. ఆయన ఊరుకునే మనిషి కాదు, నెట్‌లో ‘ఫ్రీ వీడియో ప్లేయర్’ అని కొట్టి, పైన మొట్టమొదట వచ్చినదాన్ని నొక్కేశారు (అది వెతుకులాటలో వచ్చిన ఫలితం కాదు, డబ్బులిచ్చి పైన పెట్టించుకున్న ప్రకటన), నెక్స్ట్ నెక్స్ట్ అంటూ ఇన్‌స్టాల్ చేసేశారు. సన్నాయి వినపడింది! ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. మర్నాడు బ్రౌజర్ తెరిస్తే ఎవరిదో తెలియని పేజీ వచ్చింది, ఇంకో కిటికీ లేచి మీ కంప్యూటర్లో వందల తప్పులున్నాయి, డబ్బు కడితే బాగు చేస్తాం అంది. ఆయనకు ఒకటే టెన్షన్. నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది దాన్ని శుభ్రం చేయడానికి.

ఇందులో అసలు చిక్కు ఏమిటంటే ప్లేయర్ నిజంగానే పనిచేసింది. పనిచేయకపోతే ఆయనకు అప్పుడే అనుమానం వచ్చేది. వీఎల్‌సీ లాంటి ప్రోగ్రాములు ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్‌ని (ప్రోగ్రామ్ రాసిన అసలు రాతని) ఎవరైనా తీసుకుని మళ్లీ పంచవచ్చు, లైసెన్స్ దానికి ఒప్పుకుంటుంది. అది మంచి విషయమే, కానీ దాన్ని ఆసరా చేసుకుని కొందరు లోపల అసలు ప్లేయర్‌నే ఉంచి, దాని వెనక తమ సరుకు కూడా కట్టి పంపిస్తారు. పాలల్లో నీళ్లు కలిపితే పాలు పాలలాగే కనపడతాయి కదా, ఇదీ అలాంటిదే. అందుకని ‘పనిచేస్తోందా’ అన్నది పరీక్షే కాదు, ‘ఎవరు ఇచ్చారు’ అన్నది పరీక్ష.

ఇక పని మొదలుపెడదాం. సెర్చ్‌లో వెతకొద్దు, అడ్రస్ బార్‌లో మీరే టైప్ చేయండి: వి, ఐ, డి, ఇ, ఓ, ఎల్, ఏ, ఎన్, అంటే వీడియోలాన్, తర్వాత చుక్క, ఓ, ఆర్, జి. చివర కామ్ కాదు, ఆర్గ్. ప్లేయర్ పేరు వీఎల్‌సీ అయితే సైట్ పేరు వేరుగా ఉందేమిటి అనుకుంటారు చాలామంది, తప్పుదారి పట్టేది అక్కడే. వీడియోలాన్ అన్నది దాన్ని తయారుచేసే సంస్థ పేరు. 1996లో పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్ మీద వీడియో చూసుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, 2001 ఫిబ్రవరి 1న కోడ్‌ని అందరికీ వదిలేశారు. ఇప్పుడు నడిపేది లాభాపేక్ష లేని సంఘం. ఆ నారింజ రంగు కోన్ గుర్తు కూడా ఆ కుర్రాళ్ల నుంచి వచ్చిందే, రోడ్డు మీద పెట్టే కోన్‌లు పోగేసుకునేవారట. హాస్టల్ కుర్రాళ్లు ఎక్కడైనా ఒకటే.

ఒక మాట. 2022లో కొన్ని నెలలపాటు మన దేశంలో చాలా నెట్ కనెక్షన్లలో ఈ సైట్ తెరుచుకోలేదు, ప్రభుత్వం వైపు నుంచే ఆపేశారు, ఆ సంస్థ లీగల్ నోటీసు పంపాక నవంబర్‌లో ఎత్తేశారు. ఆ రోజుల్లో ఎక్కడో వేరేచోట దింపుకున్న కాపీ ఇంకా వాడుతున్నవాళ్లు మీలో ఉంటే, దాన్ని తీసేసి ఇప్పుడు కొత్తగా వేసుకోండి.

సైట్‌లో డౌన్‌లోడ్ బటన్ నొక్కితే ఫైల్ దానంతటదే దిగడం మొదలవుతుంది. విరాళం ఇస్తారా అని ఒకచోట అడుగుతారు, ఇష్టమైతే ఇవ్వండి, ఇవ్వకపోయినా ఏమీ ఆగదు. ఫోన్ నంబర్ అడగరు, ఈమెయిల్ అడగరు, కార్డు నంబర్ అసలే అడగరు. వీటిలో ఏది అడిగినా మీరు వేరే సైట్‌లో ఉన్నారని అర్థం. అయితే జాగ్రత్తగా గమనించేవాళ్లకు ఒకటి కనపడుతుంది, ఫైల్ ఒక్కోసారి వీడియోలాన్ నుంచి కాకుండా ఇంకేదో చిరునామా నుంచి దిగుతుంది. కంగారుపడకండి, వీటిని మిర్రర్లు అంటారు, లోడ్ తగ్గడానికి అదే ఫైల్‌ను వేరే సర్వర్లలో కూడా పెడతారు.

మరి దిగింది అసలుదేనని ఎలా తెలియాలి? ముందు సైజు చూడండి. విండోస్‌కి వీఎల్‌సీ 3.0 ఫైల్ 40 ఎంబీ పైనే ఉంటుంది. రెండు మూడు ఎంబీలే ఉందంటే అది ప్లేయర్ కాదు, లోపలికి వచ్చాక ఇంకేవేవో దింపుకునే దళారీ. ఆ తర్వాత ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. పైన డిజిటల్ సిగ్నేచర్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, అందులో సంతకం పెట్టినవారి పేరు దగ్గర వీడియోలాన్ అని ఉండాలి. ఆ ట్యాబే లేకపోయినా, వేరే పేరున్నా, ఫైల్‌ను తెరవకుండానే డిలీట్ చేసేయండి. ఇది చూడటం మరిచిపోయి డబుల్ క్లిక్ చేసినా ఇంకో అవకాశం ఉంది: ‘ఈ ప్రోగ్రామ్ మార్పులు చేయనివ్వాలా’ అని విండోస్ అడిగినప్పుడు ఎస్ కొట్టేముందు వెరిఫైడ్ పబ్లిషర్ దగ్గర పేరు చదవండి. చాలామందికి చెయ్యి ముందు, కన్ను తర్వాత. ఈ ఒక్కచోట తిరగేయండి.

ఇన్‌స్టాల్ గురించి చెప్పేది పెద్దగా లేదు, ఇందులో మాత్రం నెక్స్ట్ నెక్స్ట్ కొట్టినా ఫర్వాలేదు. మొదటిసారి తెరిచినప్పుడు నెట్ వాడుకోనివ్వాలా అని రెండు టిక్కులు అడుగుతుంది. పాటల వివరాలు నెట్ నుంచి తెచ్చుకునేది ఒకటి, అది తీసేసినా నష్టం లేదు. కొత్త వెర్షన్ వచ్చిందా అని చూసేది రెండోది, దాన్ని తీయకండి. వీడియో ఫైల్ చూడటానికి అమాయకంగా ఉంటుంది కానీ, పాత ప్లేయర్‌లోని లోపాన్ని వాడుకునేలా కావాలని తయారుచేసిన ఫైళ్లు కూడా ఉండొచ్చు. 2019 జూన్‌లో వచ్చిన 3.0.7 వెర్షన్ ఒక్కదానిలోనే 33 భద్రతా లోపాలు సరిచేశారు. మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కితే తెలుస్తుంది.

ఇంకో ఉచ్చు కూడా చెప్పేస్తాను. ఎక్కడో దింపిన సినిమా తెరిస్తే, ఇది చూడాలంటే ఫలానా కోడెక్ (వీడియోని విప్పి చూపించే చిన్న ప్రోగ్రామ్) దింపుకోండి అని ఒక లింక్ కనపడుతుంది. దాని జోలికి వెళ్లొద్దు. వీఎల్‌సీకి కావలసిన కోడెక్‌లు దాదాపు అన్నీ దాని కడుపులోనే ఉంటాయి, అందుకే దానికంత పేరు. అలాగే సినిమా పేరు చివర ఎంపీ4 ఉండి, దాని తర్వాత ఇంకో చుక్క పెట్టి ఈఎక్స్ఈ అని ఉంటే అది సినిమా కాదు, ప్రోగ్రామ్. మొదట్లో అడిగిన అక్షరాలు కనపడకపోతే మీకు ఎంపీ4 వరకే కనపడుతుంది, అదీ దాని తెలివి.

ఇప్పుడు బాబాయి వీడియో. వీఎల్‌సీలో సన్నాయి బ్రహ్మాండంగా వచ్చింది కానీ జీలకర్ర బెల్లం పెట్టే దగ్గర గట్టిమేళం అర సెకను ఆలస్యంగా మోగుతోంది. డోలు కొట్టే చెయ్యి పైకి లేచాక దెబ్బ వినపడుతోంది. ఇలా ఉంటే కీబోర్డులో జె నొక్కండి. ఒక్కో నొక్కుకి శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది, ఎంత జరిగిందో తెర మీద చూపిస్తుంది. మేం పదిసార్లు నొక్కితే చెయ్యీ దెబ్బా కలిశాయి. శబ్దమే ముందు వచ్చేస్తుంటే కె నొక్కాలి. సబ్‌టైటిల్స్‌కి ఇదే పని జి, హెచ్ చేస్తాయి.

తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలుగా కనపడితే టూల్స్, ప్రిఫరెన్సెస్, సబ్‌టైటిల్స్‌లోకి వెళ్లి ఫాంట్‌ను నిర్మలా యూఐకి మార్చి సేవ్ చేసి, ప్లేయర్‌ను ఒకసారి మూసి తెరవండి. డబ్బాలు కాకుండా పిచ్చి గుర్తులు వస్తుంటే తప్పు ఫైల్‌లో ఉంది, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అక్కడ తెలుగు సరిగ్గా కనపడితే సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతిని) యూటీఎఫ్-8 చేసి మళ్లీ దాచండి.

ఫోన్‌లో కావాలంటే ప్లే స్టోర్ నుంచే తీసుకోండి, కింద తయారీదారు పేరు వీడియోల్యాబ్స్ అని ఉండాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే (ఫోన్ యాప్ ఫైల్) వద్దు, పంపినవాళ్లు చుట్టాలైనా సరే.

ఇంటిపని: మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఈఎక్స్ఈ ఫైళ్లు ఒక్కొక్కటీ ప్రాపర్టీస్‌లో చూసి, సంతకం లేనివాటి పేర్లు కాగితం మీద రాసుకోండి. అప్పుడే డిలీట్ చేయొద్దు, తెరవనూ వద్దు, సంతకం లేని మంచి ప్రోగ్రాములూ ఉంటాయి. ఆ కాగితం పట్టుకునే అయిదో పాఠానికి రండి.