గుండె వైఫల్యం అనుమానమా? ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష చేయించుకుని ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

గోదావరి డెల్టాలో కాళ్లు వాస్తే ముందు బోదకాలేమోనన్న అనుమానం వస్తుంది. బోదకాలు వాపు తరచుగా ఒక కాలికే ఎక్కువగా ఉండి క్రమేణా గట్టిపడుతుంది. గుండె వైఫల్యంలో, అంటే గుండె ఒంటికి కావలసినంత రక్తాన్ని తోయలేనప్పుడు, సాధారణంగా రెండు పాదాలూ వాచి, చీలమండ దగ్గర బొటనవేలితో కాసేపు నొక్కి వదిలితే గుంట నిలిచిపోతుంది. దీనికి తోడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు వేసుకోవలసి రావడం ఉంటే, వైద్యుడికి చూపించి ఈ పరీక్ష గురించి అడగండి. కూర్చున్నచోటే ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా ల్యాబుకు కాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

గుండె గదుల గోడలు ఒత్తిడికి సాగినప్పుడు వాటి కండరం నుంచి బీఎన్‌పీ, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే పదార్థాలు రక్తంలోకి వస్తాయి. పరీక్ష కొలిచేది వీటిలో ఒకదాన్ని.

పరగడుపున వెళ్లనక్కరలేదు. మందుల చీటీ మాత్రం వెంట ఉండాలి. గుండె వైఫల్యానికి ఇచ్చే సాక్యుబిట్రిల్, వల్సార్టాన్ కలిసిన మాత్ర వాడేవారిలో బీఎన్‌పీ ఆ మందు వల్లే పెరగవచ్చు కనుక వారికి ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ నమ్మదగినది. ఊళ్లో తీసిన రక్తాన్ని కాకినాడకో రాజమహేంద్రవరానికో పంపేటప్పుడు కూడా, నమూనాలో ఎక్కువసేపు నిలకడగా ఉండేది అదే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే తప్పక చెప్పండి, కొన్ని యంత్రాలలో అవి ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

ఫలితం చూసేటప్పుడు, ఈ పరీక్ష అసలు బలం జబ్బు లేదని చెప్పడంలోనే ఉందని గుర్తుంచుకోవాలి. ఓపీకి నడిచి వచ్చిన రోగిలో ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ మిల్లీలీటరుకు 125 పికోగ్రాముల లోపు, బీఎన్‌పీ 35 లోపు ఉంటే గుండె వైఫల్యం ఉండే అవకాశం తక్కువ. హఠాత్తుగా ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చినవారికి ఈ హద్దులు 300, 100. అంకె ఈ హద్దుల లోపు ఉంటే కారణం కోసం ఊపిరితిత్తులు, రక్తహీనత, మూత్రపిండాల వైపు వెతకాలి. అయితే స్థూలకాయుల్లో అంకె ఉండవలసినదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు నిర్ధారణ అయినట్టు కాదు, దయచేసి కంగారు పడకండి. వయసు పెరిగినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా, గుండె లయ తప్పినా ఇది పెరుగుతుంది. అందుకే ఎమర్జెన్సీలో 50 ఏళ్ల లోపువారికి 450, 50 నుంచి 75 ఏళ్లవారికి 900, ఆపైన 1,800 దాటితేనే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీని గుండె వైఫల్యానికి బలమైన సూచనగా తీసుకుంటారు. తరువాత ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తప్పనిసరి. గుండె ఎంత రక్తాన్ని తోస్తోందో, కవాటాలు ఎలా ఉన్నాయో చూపేది ఎకోనే.

చికిత్స మొదలయ్యాక మళ్లీ పరీక్ష రాస్తే, వీలైనంతవరకు అదే ల్యాబులో, అదే పేరుగల పరీక్షనే చేయించుకోండి. బీఎన్‌పీ అంకెను ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అంకెతో పోల్చకూడదు.