బోనాల కోడికూర: పొయ్యి ఎక్కేముందు, దిగాక

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్‌లో ఆదివారాలు చికెన్ షాపుల ముందే తెల్లారతాయి. శ్రావణంలో నీచు ముట్టని ఇళ్లు చాలా కాబట్టి ఆ నెల కోటా కూడా ఇప్పుడే లాగించేస్తారు. ఇంటినిండా చుట్టాలు, పెద్ద గంజుల్లో వంట, ఆపైన ఉక్కపోత. కడుపు పాడు చేసే బ్యాక్టీరియాకు ఇంతకన్నా ఏం కావాలి?

నిరుడు బోనాలకు మా ఇంట్లో నలుగురం మోషన్స్‌తో పడకేశాం. అందరూ కూరనే తిట్టారు. కానీ గంటసేపు కుతకుతా ఉడికిన కూరలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా బతకవు. టెస్టులేవీ చేయించలేదు గానీ, నా అనుమానం ఉల్లిపాయల మీదే. చికెన్ కొట్టిన చెక్కను ఉత్త నీళ్లతో తొలిచి, దాని మీదే ఉల్లి చక్రాలు, నిమ్మచెక్కలు కోశారు. కోసింది ఎవరో కాదు, నేనే.

ఇంకో తిరకాసు ఉంది. కాంపైలోబాక్టర్ సోకాక మామూలుగా 2 నుంచి 5 రోజులకు గానీ కడుపు చెడదు. మనమేమో నిన్నటి బిర్యానీని అనుమానిస్తాం.

‘మంచి కోడినే చూసి కోయించా’ అన్న ధీమా కూడా పనికిరాదు. కోడి ఒళ్లు 41, 42 డిగ్రీల వేడి. కాంపైలోబాక్టర్‌కు ఆ వేడి భలే నచ్చుతుంది, కోడికి ఏ ఇబ్బందీ లేకుండా దాని పేగుల్లో కాపురముంటుంది. కోడిపిల్లలకు తెల్ల పారుడు తెచ్చి గంపలు గంపలుగా చంపేది కూడా సాల్మొనెల్లాలో ఒక రకమే, కానీ అది మనుషుల జోలికి పెద్దగా రాదు. మనల్ని పడగొట్టే రకాలున్న కోడి చాలాసార్లు హుషారుగా గింజలు ఏరుకుంటూనే ఉంటుంది.

ఇక కడగడం. 2014లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ పచ్చి చికెన్‌ను అసలు కడగనే వద్దని ప్రచారం చేసింది, తుంపర్లతో క్రిములు వంటగదంతా చిమ్ముతాయని. ఆ మాట మా అత్తమ్మకు చెప్పి చూశాను. పసుపు, ఉప్పు వేసి నాలుగుసార్లు కడగకపోతే ఆమె ముద్ద ముట్టదు. అందుకే ఒక రాజీ: నల్లా కింద పెట్టొద్దు. గిన్నెలో నీళ్లు పోసి, ముక్కలు మెల్లగా వేసి కలిపి, ఆ నీళ్లు సింకులోకి నెమ్మదిగా వంచండి. ఆ టైంలో పక్కన కొత్తిమీర కట్టలు, కడిగి బోర్లించిన ప్లేట్లు ఉండకూడదు. తర్వాత చేతులతో పాటు సింకు, నల్లా పిడి కూడా సబ్బుతో రుద్దాలి. పసుపు పట్టించాం కదా, క్రిములు చచ్చుంటాయిలే అనుకోవద్దు.

కూరగాయలకు వేరే చెక్క, వేరే కత్తి. ఫ్రిజ్‌లో చికెన్ కవర్ అన్నిటికన్నా కింది అరలో, గిన్నెలో పెట్టి ఉంచాలి. పై అరలో పెడితే ఆ నీరు పెరుగు గిన్నెలోకి కారుతుంది.

గుడ్లు కడిగి దాచొద్దు, పెంకు మీదుండే సన్నటి రక్షణ పొర పోతుంది. పగిలినవి తీసుకోవద్దు. పచ్చిగుడ్ల మయోనైజ్ ఎంత ప్రమాదమో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, చాలామంది ఆసుపత్రి పాలయ్యాక, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాది పాటు నిషేధించింది.

అసలు గండం రాత్రి మిగిలిన గంజుది. క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఉడికినా చావని బీజాలు పెడుతుంది. కోళ్ల పేగులు కుళ్లబెట్టే జబ్బు తెచ్చేదీ ఈ జాతే. పది కిలోల కూర మూతపెట్టి వదిలేస్తే నడుమ భాగం తెల్లవార్లూ గోరువెచ్చగానే ఉంటుంది, ఆ బీజాలు మొలకెత్తి లక్షలవుతాయి. వాసన మారకపోవచ్చు. అందుకే వడ్డనలు కాగానే కూరను నాలుగైదు వెడల్పాటి గిన్నెల్లోకి తీసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు వెచ్చబెట్టడం కాదు, తెర్లించాలి. ఫ్రిజ్ పట్టదంటే రాత్రే చుట్టాలకు డబ్బాల్లో కట్టిచ్చేయండి, పుణ్యం కూడా.

పండక్కి ముందే నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తెచ్చి పెట్టుకోండి. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని రాసి ఉన్నవే తీసుకోండి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన తీపి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు కొట్లాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. చాలామందికి యాంటీబయాటిక్ లేకుండానే తగ్గిపోతుంది. జ్వరమో, రక్తమో ఉంటే మోషన్స్ ఆపే బిళ్ల సొంతంగా వేసుకోవద్దు, పిల్లలకు అసలే వద్దు. రక్తం పడినా, ఒంటేలు తగ్గినా, మనిషి మత్తుగా ఉన్నా, నెలల పిల్లలకైనా గర్భిణులకైనా వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

కడుపు బాగైపోయిన ఒకటి రెండు వారాలకు కాళ్లు తిమ్మిరెక్కి, మెట్లెక్కలేకపోతే నీరసమని సరిపెట్టుకోవద్దు. కాంపైలోబాక్టర్ తర్వాత అరుదుగా, నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే గులియన్ బారే సిండ్రోమ్ వస్తుంది. 2025 మొదట్లో పుణెలో జనాన్ని వణికించింది అదే. ఆ రోజే న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ముందు వచ్చిన మోషన్స్ సంగతి కూడా చెప్పండి.